ఫైలు లోపలి ఓటు

కవాడిగూడ నుంచి అశోక్‌నగర్ వైపు నడిస్తే జిరాక్సు షాపులు, డీటీపీ సెంటర్లు వరసగా తగులుతాయి. గ్రూప్స్‌కు చదివే పిల్లల నోట్సు, పెళ్లి శుభలేఖలు, కోర్టు అఫిడవిట్లు, కవితా సంపుటాలు అన్నీ ఆ ఇరుకు షాపుల్లోనే కాగితం మీదికి వస్తాయి. ఒక సాయంత్రం నా వ్యాసం ప్రూఫు దిద్దుకుంటూ అలాంటి షాపులో కూర్చున్నాను. ఒక కుర్రాడు వచ్చి పెన్‌డ్రైవ్ అందించాడు. ఆపరేటరు ఫైలు తెరిచింది. స్క్రీను వైపు చూసి అతని మొహం మారిపోయింది.

"అక్కా, ఇంట్ల మంచిగనే ఉండె. పన్నెండు పేజీలే."

"నీ ఫాంటు ఇండ్ల లేదు తమ్మీ. ఒత్తులన్ని విడిపోయినయ్, టేబులు కిందికి జారింది. పద్నాలుగు పేజీలొస్తున్నయ్. పీడీఎఫ్ చేస్కోని రావాలె."

ఆమె ఓపిగ్గా అరగంట కూర్చుని సరిచేసింది. కుర్రాడు డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ దృశ్యం మనసులో నుంచి పోలేదు. రాతలు అతనివి. అక్షరం అక్షరం అతనే కొట్టాడు. అయినా ఆ రాతలు మరో యంత్రంలో ఎలా కనిపించాలన్నది అతని చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉంది?

ఫాంటు సంగతి కొంత, సాఫ్ట్‌వేర్ సంగతి కొంత. వాటి అడుగున ఇంకొకటి ఉంది. అది ఫైలు ఫార్మాటు. ఫైలును ఏ పద్ధతిలో రాయాలో నిర్ణయించడానికి 2007, 2008 సంవత్సరాల్లో ప్రపంచ దేశాలు ఓట్లు వేశాయి. భారతదేశం రెండుసార్లూ 'కాదు' అని వేసింది. ఆ ఓటింగు జరిగిన తీరు మనకు తెలిసి ఉండాలి. ఎందుకంటే దాని ఫలితం ఈ రోజు మన ప్రతి వర్డ్ ఫైలులోనూ ఉంది.

ఫైలును విప్పి చూద్దాం

ఇది ఎవరైనా చేయగల పని. ఒక డాక్ఎక్స్ ఫైలుకు నకలు తీసి, పేరు చివర ఉన్న డాక్ఎక్స్ తీసేసి జిప్ అని రాయండి. అది మూట విప్పినట్టు విచ్చుకుంటుంది. లోపల మూడు నాలుగు ఫోల్డర్లుంటాయి. వాటిలో 'వర్డ్' అనే ఫోల్డరు తెరిస్తే 'డాక్యుమెంట్' అనే ఫైలు కనిపిస్తుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మీరు టైపు చేసిన తెలుగు వాక్యాలే అక్కడ ఉంటాయి, కోణపు బ్రాకెట్లలో పెట్టిన చిన్నచిన్న గుర్తుల మధ్య. ఇక్కడ పేరా మొదలైంది, ఇక్కడ అక్షరాలు బొద్దుగా ఉండాలి, ఇక్కడ పేరా ముగిసింది అని ఆ గుర్తులు చెబుతాయి. ఈ రాత పద్ధతిని ఎక్స్ఎంఎల్ అంటారు.

కాసేపు ఓపికగా చూస్తే తెలుగువాళ్లకు ప్రత్యేకంగా కనిపించే గుర్తు ఒకటుంది. ఒకే మాటకు ఇంగ్లిషు అక్షరాల ఫాంటు వేరుగా, 'సీఎస్' అనే పేరుతో మరో ఫాంటు వేరుగా రాసి ఉంటాయి. సీఎస్ అంటే కాంప్లెక్స్ స్క్రిప్ట్, అంటే గుణింతాలు, ఒత్తులు కలిసి ఆకారం మారే లిపి. తెలుగు ఆ కోవలోకి వస్తుంది. వర్డ్‌లో ఫాంటు మార్చినా తెలుగు కదలకుండా గౌతమిలోనే ఉండిపోవడం మీరు చూసే ఉంటారు. మీరు ఒక గదిలో సామాను సర్దారు, తెలుగు పక్కగదిలో ఉంది. సైజుకు, బోల్డుకు కూడా ఇలా వేరు గదులున్నాయి.

అదే ఫైలు మొదట్లో ఒక పొడవాటి చిరునామా ఉంటుంది. అందులో 2006 అనే సంఖ్య కనిపిస్తుంది. దాన్ని గుర్తుపెట్టుకోండి. చివర్లో దానితో పని ఉంది.

ప్రమాణం అనే బహిరంగ మాట

ఆ షాపులోని జిరాక్సు మెషీను ఒక కంపెనీది. కాగితం రీము మరొక కంపెనీది. అయినా కాగితం ట్రేలో సరిగ్గా కూర్చుంటుంది. ఎ4 అంటే 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు అని ప్రపంచమంతా ఒప్పుకుంది కాబట్టి. జర్మనీలో 1922లో జాతీయ ప్రమాణంగా మొదలైన ఈ కొలతను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 1975లో స్వీకరించింది. ఈ కొలత ఎవరి సొత్తూ కాదు. దాని వివరం చదివి ఎవరైనా కాగితం కోయవచ్చు, ఎవరైనా ట్రే తయారుచేయవచ్చు. ప్రమాణం అంటే పదిమంది ముందు ఇచ్చిన మాట.

మాట లేకపోతే ఏమవుతుందో తెలుగు అక్షరం చాలాకాలం అనుభవించింది. 2000ల తొలి సంవత్సరాల్లో తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు తలా ఒక సొంత ఫాంటు వాడేవి. ఒక పత్రికలో 'అ' ఉన్న స్థానంలో మరో పత్రికలో ఇంకేదో ఉండేది. ఆ రాతలను యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి 'పద్మ' అనే బ్రౌజరు ఉపకరణాన్నే తయారుచేయాల్సి వచ్చింది. చిక్కడపల్లి, నారాయణగూడ డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాలు ఎన్నో. ఆ ఫైళ్లలో తెలుగు ఆకారాలు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు మాయమై అర్థంలేని గుర్తులు మిగులుతాయి. రచయిత పోయాక, ప్రెస్సు మూతపడ్డాక, ఫ్లాపీలో మిగిలిన 'మేటర్' చదవడానికి మన పిల్లలు తవ్వకాలు చేయాల్సిన పరిస్థితి అది. యూనికోడ్ 1991లో తొలిసారి వెలువడినప్పుడే తెలుగుకు అందులో చోటు దొరికింది. భారత ప్రభుత్వం ఈ-పాలనకు యూనికోడ్‌ను ప్రమాణంగా ప్రకటించింది 2009లో.

యూనికోడ్ అక్షరానికి ప్రమాణం. పత్రానికి ప్రమాణం ఏది? పేరా, పట్టిక, అధోజ్ఞాపిక, శీర్షిక ఎలా రాయాలి? అసలు గొడవ ఇక్కడే వచ్చింది.

రెండు పద్ధతులు, రెండు ప్రయోజనాలు

ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్, క్లుప్తంగా ఓడీఎఫ్, మొదట వచ్చింది. ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థలో 2002 చివర్లో కమిటీ ఏర్పడింది. 2005 మేలో అక్కడ ఆమోదం దొరికింది. 2006లో ఐఎస్ఓ 26300 సంఖ్యతో అంతర్జాతీయ ప్రమాణమైంది. సుమారు 700 పేజీల గ్రంథం.

ఈలోగా అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2005 సెప్టెంబరులో, ఇకపై ప్రభుత్వ పత్రాలు బహిరంగ ప్రమాణాల్లోనే ఉండాలని నిర్ణయించి ఓడీఎఫ్‌ను జాబితాలో పెట్టింది. ఒక ప్రభుత్వం అలా అంటే కార్యాలయాలన్నిటిలో కొనే సాఫ్ట్‌వేర్ మారిపోవచ్చు. ఒక రాష్ట్రం చేసింది ఒక దేశం చేయవచ్చు. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ అమ్మకం మీద నిలబడ్డ మైక్రోసాఫ్ట్‌కు ఇది చిన్న విషయం కాదు. ఆ సంవత్సరం డిసెంబరులోనే తన కొత్త ఫార్మాటును ఎక్మా అనే యూరోపియన్ సంస్థ ముందు పెట్టింది. ఏడాది తిరిగేసరికి, 2006 డిసెంబరు 7న, ఎక్మా దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. దాని పేరు ఆఫీస్ ఓపెన్ ఎక్స్ఎంఎల్, ఓఓఎక్స్ఎంఎల్. ఇది 6,000 పేజీలు దాటింది.

న్యాయంగా చెప్పాలంటే మైక్రోసాఫ్ట్ వాదనకు బలం లేకపోలేదు. అప్పటికే లోకంలో పాత వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిని ఏ వివరం పోకుండా కొత్త పద్ధతిలోకి తేవాలంటే పాత అలవాట్లన్నీ మోసే ఫార్మాటు కావాలని వాళ్లు అన్నారు. బ్రిటిష్ లైబ్రరీ, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఎక్మా కమిటీలో పాల్గొన్నాయి. మూసి ఉన్న ఫార్మాటు కన్నా తెరిచిన ఫార్మాటు మేలని పాత పత్రాలు కాపాడే గ్రంథాలయాలకు అనిపించడం సహజమే. అవతలి పక్షమూ నిస్వార్థమైనది కాదు. ఓడీఎఫ్ వెనుక ఐబీఎం, సన్ మైక్రోసిస్టమ్స్ ఉన్నాయి, వాటి సొంత ఆఫీస్ సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. రెండు వైపులా వ్యాపారం ఉంది. అలాంటప్పుడు తూచే త్రాసు మీద ఎవరి చెయ్యీ పడకుండా చూడడం మరింత ముఖ్యం.

1900 ఫిబ్రవరి 29

ఆ 6,000 పేజీల్లో ఏముంది? ఒక్క ఉదాహరణ మీ కంప్యూటరులోనే చూడవచ్చు. ఎక్సెల్ తెరిచి ఒక గడిలో 60 అని కొట్టండి. ఆ గడిని తేదీగా మార్చండి. 1900 ఫిబ్రవరి 29 అని వస్తుంది.

అలాంటి రోజు ఎన్నడూ లేదు. వందతో భాగించబడే సంవత్సరం 400తో కూడా భాగించబడితేనే లీపు సంవత్సరం. 2000 లీపు, 1900 కాదు. లోటస్ 1-2-3 అనే పాత సాఫ్ట్‌వేర్‌లో ఈ పొరపాటు ఉండేది. దాని ఫైళ్లతో పొసగడానికి ఎక్సెల్ ఆ పొరపాటునూ దత్తత తీసుకుంది. అందువల్ల 1900 జనవరి 1 నిజంగా సోమవారమైతే ఎక్సెల్ ఆదివారం అంటుంది. ఒక కంపెనీ తన సరుకులో పాత తప్పును మోయడం అర్థం చేసుకోగలం. ఆ తప్పే అంతర్జాతీయ ప్రమాణ గ్రంథంలోకి ఎక్కితే, లేని రోజును ఉన్నట్టు లెక్కించమని ప్రపంచంలోని ప్రోగ్రామర్లందరికీ ఆదేశమిచ్చినట్టే.

ఇంకో ఉదాహరణ. 'వర్డ్ 95 లాగా ఖాళీలు ఇవ్వాలి', 'వర్డ్ 97 నియమాల ప్రకారం పంక్తి విరవాలి' అనే అర్థం వచ్చే గుర్తులు అందులో ఉన్నాయి. వర్డ్ 95 ఖాళీలు ఎలా ఇచ్చేదో మాత్రం ఎక్మా గ్రంథం సరిగా చెప్పలేదు. వంటపుస్తకంలో "గోంగూర పచ్చడికి మా అమ్మమ్మ వేసినంత ఉప్పు వేయండి" అని రాసినట్టు. ఆ ఇంటి పిల్లలకు తప్ప ఇంకెవరికీ ఆ పచ్చడి కుదరదు. పుస్తకం మాత్రం అందరి చేతికీ ఇచ్చారు. ఏ కంపెనీవాడైనా గ్రంథం చదివి సాఫ్ట్‌వేర్ రాయగలగాలన్న ప్రమాణం తొలి షరతు అక్కడే దెబ్బతింది.

ఇంత గ్రంథాన్ని ఎక్మా వేగవంతమైన దారిలో ఐఎస్ఓ, విద్యుత్ సాంకేతిక ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ ఐఈసీల ఉమ్మడి సాంకేతిక కమిటీ ముందు పెట్టింది. పాత ప్రమాణాలతో వైరుధ్యాలుంటే చెప్పడానికి 30 రోజులు. అంటే రోజుకు 200 పేజీలు. తర్వాత ఓటింగుకు 5 నెలలు. అంటే రోజుకు 40 పేజీల సాంకేతిక గ్రంథం, సెలవు లేకుండా. అన్ని దేశాల నిపుణులకూ ఇదే గడువు.

గదిలో కుర్చీలు

ఓటింగు నియమాలు రెండు. చురుకుగా పాల్గొనే బాధ్యత తీసుకున్న దేశాలను 'పి' సభ్యులంటారు. వాళ్లు వేసిన ఓట్లలో కనీసం మూడింట రెండు వంతులు 'అవును' కావాలి. మొత్తం దేశాల ఓట్లలో 'కాదు' పావు వంతు దాటకూడదు. తటస్థంగా ఉన్నవాళ్లు లెక్కలోకి రారు.

ప్రతి దేశం తన ఓటును స్వదేశంలోని ప్రమాణాల సంస్థలో తేల్చుకుంటుంది. కంపెనీల ఒత్తిడి పనిచేసింది అక్కడే. అపార్టుమెంటు సంఘాల ఎన్నికలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సర్వసభ్య సమావేశం ముందు రోజు కొత్త సభ్యత్వ రసీదులు తెగుతాయి. ఏడాది పొడవునా నీళ్ల ట్యాంకు గురించి మాట్లాడని మనిషి ఆ రోజు చెయ్యెత్తడానికి వస్తాడు.

స్వీడన్‌లో 2007 ఆగస్టు 27న అదే జరిగింది. ఓటింగు వేళకు ఇరవైకి పైగా కొత్త కంపెనీలు రుసుము కట్టి కమిటీలో చేరాయి. వాటిలో చాలా మైక్రోసాఫ్ట్ వ్యాపార భాగస్వాములు. ఫలితం 25 అవును, 6 కాదు, 3 తటస్థం. కమిటీలో చేరి ఓటేస్తే మార్కెటింగ్ సాయం ఉంటుందని స్వీడన్‌లోని మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు భాగస్వాములకు ఈమెయిల్ పంపినట్టు బయటపడింది. అలా పంపడం తప్పేనని ఆ కంపెనీ ఒప్పుకుంది. చివరికి ఒక సభ్యుడు రెండు ఓట్లు వేసిన కారణంతో స్వీడన్ సంస్థ ఆ ఓటింగును రద్దుచేసి తటస్థంగా ఉండిపోయింది. పోర్చుగల్‌లో ఐబీఎం, సన్ ప్రతినిధులు కమిటీలో చేరబోతే, గదిలో కుర్చీలు చాలవన్న కారణం చెప్పి చోటివ్వలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. ఒక దేశం పత్రాల భవిష్యత్తు కుర్చీల లెక్కకు దిగింది.

దేశాల స్థాయిలోనూ సభ్యత్వాలు పెరిగాయి. ఓటింగుకు ముందు వారాల్లో 11 దేశాలు కొత్తగా 'పి' సభ్యులయ్యాయి. వాటిలో ఎక్కువ 'అవును' అన్నాయి. తర్వాత జరిగింది మరింత బాధాకరం. పత్రాల ఫార్మాట్లు చూసే ఉపకమిటీకి ఆ శరదృతువులో వేరే ప్రమాణాల మీద ఓట్లు కావలసివచ్చాయి. కొత్తగా చేరిన సభ్యులు చాలామంది ఓటే వేయలేదు. సగం మంది స్పందించకపోతే తీర్మానం చెల్లదు కాబట్టి పనులు నిలిచిపోయాయి. ఒక్క ఓటు కోసం చేర్చిన సభ్యత్వం ఆ ఓటుతో ఆగదు, సంస్థనే కుంటిదాన్ని చేస్తుంది.

ఇన్ని జరిగినా 2007 సెప్టెంబరు 2న ముగిసిన తొలి ఓటింగులో ఓఓఎక్స్ఎంఎల్ గెలవలేదు. 'పి' సభ్యుల్లో ఓటేసిన 32 దేశాల్లో 17 మాత్రమే అవునన్నాయి, 53 శాతం. మొత్తం మీద 51 అవును, 18 కాదు, 18 తటస్థం. కాదన్నవి 26 శాతం. పావు వంతు గీత ఎంత సన్నగా దాటిందో చూడండి: కాదన్న 18 దేశాల్లో ఒక్కటి తటస్థానికి జారుకుని ఉంటే 68లో 17, సరిగ్గా 25 శాతమయ్యేది, ఆ రెండో షరతు నెరవేరేది. ఆ 18లో ఒక ఓటు మనది.

మానక్ భవన్‌లో

ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్‌లో మానక్ భవన్ ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ, బీఐఎస్, ప్రధాన కార్యాలయం అదే. మన ప్రెషర్ కుక్కరు మీద ఉండే ఐఎస్ఐ గుర్తు ఇచ్చేది ఆ సంస్థే. అందులో ఎల్ఐటీడీ 15 అనే కమిటీ ముందుకు ఓఓఎక్స్ఎంఎల్ వచ్చింది. విద్యాసంస్థలు, ప్రభుత్వ సంస్థలు, స్వదేశీ విదేశీ కంపెనీలు అందులో సభ్యులు. మైక్రోసాఫ్ట్ ఉంది, దాని పోటీదారులూ ఉన్నారు.

2007 ఆగస్టులో కమిటీ నిర్ణయం: వ్యాఖ్యలతో కూడిన 'కాదు'. ఫలానా లోపాలు దిద్దితే మళ్లీ ఆలోచిస్తామని దాని అర్థం. ప్రపంచ దేశాల నుంచి అలాంటి వ్యాఖ్యలు మొత్తం 3,522 వచ్చాయి. ఒకే మాట మళ్లీ మళ్లీ వచ్చిన చోట్ల కలిపి ఎక్మా 1,027 జవాబులు సిద్ధం చేసింది. వాటిని తేల్చడానికి 2008 ఫిబ్రవరి 25 నుంచి 29 వరకు జెనీవాలో సమావేశం. 5 రోజులు, రోజుకు 8 గంటలనుకున్నా, ఒక్కో జవాబుకు రెండు నిమిషాల చిల్లర. సహజంగానే కొన్నిటిని మాత్రమే చర్చించగలిగారు. మిగిలిన వందల జవాబులను కాగితపు బ్యాలెట్ మీద మూకుమ్మడిగా ఓటుకు పెట్టారు. పరీక్షలో చదవని ప్రశ్నలకు కలిపి ఒకే టిక్కు పెట్టినట్టు.

ఆ తర్వాత ప్రతి దేశానికీ తన ఓటు మార్చుకునే గడువు మార్చి 29 వరకు. మార్చి 20న మానక్ భవన్ కమిటీ మళ్లీ కూర్చుంది. 19 ఓట్లలో 13 కాదు, 5 అవును, 1 తటస్థం. భారతదేశం తన మాట మీద నిలబడింది.

ఈ ఓటు నాకు ఎందుకు విలువైనదో చెప్పాలి. ఈ దేశం సాఫ్ట్‌వేర్ కంపెనీల దేశం. మన హైదరాబాదే చూడండి. 1998లో మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని ఇక్కడ తెరిచింది. మన ఇళ్ల పిల్లలు వేలమంది ఆ రంగంలో గౌరవంగా బతుకుతున్నారు. ఇదే ఊళ్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం, తెలుగు కంప్యూటింగ్ కోసం పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ కూడా పెరిగింది. ఉద్యోగమిచ్చే కంపెనీ మీద కృతజ్ఞత వేరు, దేశం పత్రాలకు ప్రమాణం ఎంచడం వేరు. ఆ తేడాను ఆ గదిలో 13 మంది గుర్తుంచుకున్నారు. ఐఐటీ బొంబాయి ఆచార్యులు దీపక్ ఫాటక్ వంటి విద్యావేత్తలు అలాంటి కమిటీలో కూర్చోవడం వల్ల కలిగే మేలు ఇదే: అమ్మేవాళ్లూ, పోటీపడేవాళ్లూ కాక, వాడుకునే సమాజం తరఫున చదివి వచ్చినవాళ్లు గదిలో ఉంటారు.

ఓడిన ఓటు

2008 ఏప్రిల్ 2న ఫలితం వెలువడింది. ఈసారి 'పి' సభ్యుల్లో ఓటేసిన 32లో 24 అవునన్నాయి, 75 శాతం. మొత్తం ఓట్లలో కాదన్నవి 14 శాతం. ఓఓఎక్స్ఎంఎల్ నెగ్గింది. చివరిదాకా కాదన్న పది దేశాలు: భారత్, చైనా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనెజువెలా, ఈక్వడార్, క్యూబా, ఇరాన్, కెనడా, న్యూజిలాండ్.

నార్వేలో కమిటీలో ఎక్కువమంది వద్దన్నా జాతీయ సంస్థ 'అవును' పంపింది. కమిటీ అధ్యక్షుడు స్టీవ్ పెప్పర్ బహిరంగంగా నిరసించారు. ఏప్రిల్ 9న ఓస్లో వీధుల్లో ప్రదర్శన జరిగింది. ఫైలు ఫార్మాటు కోసం ప్లకార్డులు పట్టుకుని నడిచారు! మా కవాడిగూడ పక్కనే ఇందిరా పార్కు ధర్నా చౌక్ ఉంది. అక్కడ జీతాల కోసం, భూముల కోసం, ఉద్యోగాల కోసం కూర్చున్నవాళ్లను చూస్తూ పెరిగిన మాకు కూడా ఫార్మాటు కోసం ధర్నా వింతగానే తోస్తుంది. కానీ ఆలోచిస్తే, జీతం జీవో, భూమి పట్టా, ఉద్యోగ ప్రకటన అన్నీ ఇప్పుడు ఫైళ్లే. ఆ అక్టోబరులో నార్వే కమిటీలోని 23 మందిలో 13 మంది రాజీనామా చేశారు.

భారత్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనెజువెలా అధికారికంగా అప్పీలు చేశాయి. ఓటింగు ప్రక్రియ సక్రమంగా జరగలేదన్నది వాటి వాదన. తగినంత మద్దతు లేదంటూ ఐఎస్ఓ, ఐఈసీ నిర్వహణ మండళ్లు ఆ అప్పీళ్లను ముందుకు సాగనివ్వలేదు. ఆ ప్రకటన వెలువడిన తేదీ 2008 ఆగస్టు 15. నవంబరులో ఐఎస్ఓ 29500 సంఖ్యతో గ్రంథం అచ్చయింది.

ఓడిన ఓటు వృథా పోయిందా? నేనలా అనుకోను. దేశాలు కాదన్నందువల్లే ఆ గ్రంథం రెండుగా చీలింది. పాత అలవాట్లన్నీ, వర్డ్ 95 గుర్తుల వంటివి, 'ట్రాన్సిషనల్' అనే భాగంలోకి తోశారు. పాత ఫైళ్లను దాటించడానికి మాత్రమే పనికొచ్చే తాత్కాలిక వంతెన అది. కొత్త పత్రాలకు శుభ్రమైన 'స్ట్రిక్ట్' రూపం ఉంటుందని అన్నారు. మన దేశంలో ఆ చర్చ అక్కడితో ఆగలేదు. 2010 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-పాలనకు బహిరంగ ప్రమాణాల విధానం ప్రకటించింది. ప్రభుత్వం వాడే ప్రమాణానికి దాని జీవితకాలమంతా రాయల్టీ ఉండకూడదని అందులో రాశారు. అడిగి సాధించుకున్న వాక్యం అది.

వంతెన మీదే కాపురం

ఇప్పుడు మొదట గుర్తుపెట్టుకోమన్న 2006 దగ్గరికి వద్దాం.

వర్డ్‌లో మామూలుగా సేవ్ నొక్కితే ఈ రోజుకీ తయారయ్యేది ట్రాన్సిషనల్ రూపమే. స్ట్రిక్ట్ కావాలంటే సేవ్ యాజ్ జాబితాలో వెతికి ఎంచుకోవాలి. దానిలో రాసే సౌకర్యమే 2013 ఆఫీస్‌తో గానీ రాలేదు. జెనీవా సమావేశాన్ని నడిపిన అలెక్స్ బ్రౌన్ స్వయంగా 2010లో మైక్రోసాఫ్ట్ ప్రమాణం విషయంలో మాట నిలబెట్టుకోలేదని బహిరంగంగా విమర్శించారు. స్ట్రిక్ట్ రూపంలో ఫైలు మొదటి చిరునామా వేరుగా ఉంటుంది. ట్రాన్సిషనల్‌లో ఎక్మా నాటి చిరునామా అలాగే ఉంది, 2006తో సహా.

ఆ కుర్రాడు వెళ్లేముందే అతన్నీ, ఆపరేటరునూ అడిగి, అతని ఫైలును ఆ సాయంత్రమే విప్పి చూశాను. వారం కింద టైపు చేసిన నోట్సు. భారత రాజ్యాంగం మీద ప్రశ్నలు, జవాబులు. మొదటి పంక్తుల్లో 2006. అంటే ప్రపంచ దేశాలు 3,522 వ్యాఖ్యలు రాయకముందటి చిరునామా. మానక్ భవన్‌లో 13 చేతులు 'కాదు' అనకముందటి చిరునామా. దాటిపోవడానికి వేసిన వంతెన మీదే మనమంతా ఇల్లు కట్టుకుని ఉంటున్నాం.

దీనికి మనం చేయగలిగింది ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ కొత్త ప్రమాణాల ముసాయిదాలను ప్రజల అభిప్రాయం కోసం బయట పెడుతుంది. ఎవరైనా చదివి వ్యాఖ్య పంపవచ్చు. ఇంజినీరే కానక్కరలేదు. ఒత్తులు విడిపోతే రోజూ అరగంట కూర్చుని సరిచేసే ఆ ఆపరేటరుకు తెలిసినంత ఏ కంపెనీ ప్రతినిధికీ తెలియదు. తెలుగు ఫాంటు ఎక్కడ జారుతుందో, పట్టిక ఏ గీత దగ్గర విరుగుతుందో ఆమె కళ్లతో చూసింది. ఆమె చూసింది కాగితం మీద పెట్టి పంపడానికి మన కాలేజీలు, గ్రంథాలయాలు, రచయితల సంఘాలు సాయపడాలి. కమిటీ గదిలో కుర్చీలు ఖాళీగా ఉంటే వాటిని నింపేవాళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారని స్వీడన్ మనకు చూపింది.

షాపు మూసే వేళ అయింది. "గీ రెండువేల ఆరు ఎందుకున్నదన్నా?" అని ఆమె అడిగింది. పదిహేను నిమిషాలు ఈ కథంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, కంప్యూటరు ఆపుతూ, "అట్లయితే ఈసారి అడిగేటోళ్లు వచ్చినప్పుడు నాకు చెప్పుండ్రి, నేను గూడ రాస్త" అంది.